రెండు బోర్లు, రెండు రిపోర్టులు: తాగునీటిలో సెలీనియం కొలిచిన ఒక కేసు

పోయిన వేసవి, మే రెండో వారం. దాళ్వా కోతలైపోయి, కాలువలు కట్టేసి నెల కావస్తోంది. కాళ్ల మండలం వైపు ఉన్న ఒక ఊరి నుంచి పంచాయతీ వాటర్ ట్యాంకు ఆపరేటర్ గారు భీమవరంలోని మా ల్యాబ్‌కి వచ్చారు. అరవై దాటిన మనిషి. చేతిసంచిలో రెండు సీసాల నీళ్లు, చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన రెండు రిపోర్టులు.

"మేడం గారూ, చెరువులో నీళ్లు ఇంకో పది రోజులకి మించి రావండి. ఊళ్లో రెండు బోర్లున్నాయి. ఒకదాంట్లో ఏదో విషం ఉందని రాశారు, రెండోదాంట్లో లేదని రాశారు. ఆ రెండో బోరు నీళ్లు ఫిల్టరు ప్లాంటుకి కలిపేద్దామని సర్పంచ్ గారంటున్నారు. మీరొకసారి చూసి అవునో కాదో చెప్పండి, చాలు."

రిపోర్టులు విప్పి చూశాను. వేరే ఊళ్లో ఒక ప్రైవేటు ల్యాబ్ ఇచ్చినవి. స్కూలు పక్కనున్న పాత బోరులో సెలీనియం లీటరుకి 0.019 మిల్లీగ్రాములు. రామాలయం వెనక బోరులో 'బీడీఎల్', అంటే పరికరానికి అందనంత తక్కువ. పద్ధతి దగ్గర ఒకే ఒక్క మాట: గ్రాఫైట్ ఫర్నేస్ ఏఏఎస్, అంటే నీటి చుక్కని చిన్న గ్రాఫైట్ గొట్టంలో కాల్చి, పరమాణువులు పీల్చే వెలుతురుని బట్టి మూలకాన్ని కొలవడం. ఇంకేమీ లేదు.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం సెలీనియం లీటరుకి 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 10 మైక్రోగ్రాములు, ల్యాబ్ భాషలో 10 పీపీబీ. దీనికి సడలింపు లేదు. 19 అంటే దాదాపు రెట్టింపు. ఊరంతా ఆ అంకె పట్టుకుని భయపడుతోంది. నాకు మాత్రం రామాలయం బోరు సీసా చూశాక టెన్షన్ మొదలైంది. సీసా అడుగున అంగుళం మందాన ఎర్రటి మడ్డి పేరుకుని ఉంది. అంత ఇనుమున్న నీళ్లని ఫర్నేస్‌లో పెట్టి సెలీనియం లేదని రాశారంటే, నిజంగా లేదా, లేక ఉన్నా కనపడలేదా అన్నది ఆ కాగితం నుంచి తెలిసే దారి లేదు. ఊరు తాగబోతున్నది ఆ బోరు నీళ్లే.

సెలీనియం సంగతి

1817లో స్వీడన్ కెమిస్టు బెర్జీలియస్ కనుక్కున్న మూలకం ఇది. ఒంటికి అవసరమైనదే. పెద్దవాళ్లకి రోజుకి 55 మైక్రోగ్రాములు కావాలని అమెరికా పోషకాహార ప్రమాణం చెబుతుంది, 400 దాటకూడదని కూడా అదే చెబుతుంది. కావలసినదానికీ చెరుపు చేసేదానికీ మధ్య ఎడం అంత తక్కువ. ఏళ్ల తరబడి ఎక్కువైతే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసుబారి ఊడిపోతాయి. పంజాబ్‌లో నవాంశహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లో నేలలోనే సెలీనియం ఎక్కువున్న పొలాలున్నాయి. ఆ గడ్డి తిన్న పశువులకి గిట్టలు పాడవుతాయి. కాలిఫోర్నియాలో కెస్టర్సన్ రిజర్వాయరులోకి పొలాల మురుగు నీటితో సెలీనియం చేరి, 1983లో నీటిపక్షుల పిల్లలు వైకల్యాలతో పుట్టడం బయటపడింది.

డెల్టాలో దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన దగ్గర బోరు వేస్తే మొదటి గొడవ ఉప్పు, రెండోది ఇనుము. అలాగని 19 అనే అంకె వస్తే కొట్టిపారేయలేను. చుట్టూ రొయ్యల చెరువులు. మేతల్లో, చెరువుల్లో చల్లే మినరల్ మిక్సుల్లో సెలీనియం కూడా కలుపుతారు, తరచుగా సోడియం సెలినైట్ రూపంలో. కాబట్టి కొలవాల్సిందే. ఒక మాట చెప్పాలి: ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 40 పీపీబీ, అమెరికా పరిమితి 50. మనది 10. ఇంత కిందకి పెట్టుకున్నామంటే అంత కింద నమ్మకంగా కొలిచే బాధ్యత కూడా మనదే.

10 పీపీబీ అంటే ఎంతో ఆపరేటర్ గారికి ఇలా చెప్పాను: ఇరవై లీటర్ల టిన్ను నిండా నీళ్లలో మూడు నాలుగు సన్న ఉప్పు రవ్వల బరువంత. ఆయన కాసేపు ఆలోచించి, "అంత చిన్నది మిషనుకి కనపడుద్దాండీ?" అన్నారు. అసలు ప్రశ్న అదే.

పాత బోరు: 19 ఎక్కడి నుంచి వచ్చింది

సెలీనియం పరమాణువు 196.0 నానోమీటర్ల దగ్గర వెలుతురుని పీల్చుకుంటుంది. ఏఏఎస్‌లో మనం రోజూ వాడే మూలకాలతో పోలిస్తే ఇది బాగా ఒక మూలకి ఉన్న చోటు. 200 కిందకి వెళ్తే గాలిలోని ఆక్సిజన్ కూడా వెలుతురుని తినడం మొదలుపెడుతుంది. గాలి-ఎసిటిలీన్ మంట అయితే ఆ వెలుతురులో పెద్ద భాగాన్ని అదే మింగేస్తుంది. అందుకే మామూలు మంట పద్ధతితో పీపీఎంలు (లీటరుకి మిల్లీగ్రాములు) చూడొచ్చేమో గానీ తాగునీటి పీపీబీలు చూడలేం. ఏఏఎస్‌లో మిగిలిన దారులు రెండు: గ్రాఫైట్ ఫర్నేస్, హైడ్రైడ్ (సెలీనియాన్ని వాయువుగా మార్చి కొలవడం).

మా దగ్గర పాత ఫర్నేస్ ఒకటి ఉంది. బ్యాక్‌గ్రౌండ్ కరెక్షన్‌కి, అంటే సెలీనియం కానివి అడ్డుకున్న వెలుతురుని లెక్కలోంచి తీసేయడానికి, డ్యుటీరియం ల్యాంప్ ఉన్న రకం. చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ ఎక్కువగా ఉన్నవి ఇవే. అవతలి ల్యాబ్ ఏ సెట్టింగులు వాడిందో నాకు తెలియదు, వాళ్లని తప్పుపట్టడానికీ కూర్చోలేదు. అదే అంకె నా బల్ల మీద వస్తుందా, వస్తే ఎందుకు వస్తుంది, అది చూడాలనుకున్నాను.

స్కూలు బోరు నీళ్లు 20 మైక్రోలీటర్లు తీసి, మాడిఫయర్ (సెలీనియం ముందే ఎగిరిపోకుండా పట్టి ఉంచే మందు) ఏదీ కలపకుండా, తక్కువ యాషింగ్ టెంపరేచర్ (కొలిచే ముందు మలినాలని కాల్చే వేడి) పెట్టి నడిపాను. ఫర్నేస్ ట్యూబుకున్న చిన్న కంత మీద పళ్ల డాక్టర్లు వాడే అద్దం పెట్టి లోపలికి చూడటం నాకు అలవాటు. చుక్క ప్లాట్‌ఫాం మీద పడింది, గుండ్రంగా నిలబడింది, 110 డిగ్రీల దగ్గర అంచుల నుంచి ఆరడం మొదలైంది. ఆరాక దాని జాగాలో తెల్లటి చెక్కు మిగిలింది. ఉప్పు. 20 మైక్రోలీటర్ల నీటిలోంచి కంటికి కనపడేంత ఉప్పు. అంత ఉప్పు మధ్య మనం వెతుకుతున్న సెలీనియం, పరిమితి దగ్గర ఉంటే, 0.2 నానోగ్రాములు.

అటమైజేషన్‌లో, అంటే కొలవడానికి బాగా వేడి పెంచే చివరి దశలో, ఆ ఉప్పంతా ఒక్కసారి పొగలా లేచింది. స్క్రీన్ మీద బ్యాక్‌గ్రౌండ్ పీక్ 1.3కి పోయింది. దాని కింద సెలీనియం పీక్ అని మిషన్ చూపించింది 0.055. మా 10 పీపీబీ స్టాండర్డ్‌కి (సెలీనియం ఎంతుందో ముందే తెలిసిన నీళ్లకి) వచ్చేది 0.03. లెక్క కడితే 18 పీపీబీ చిల్లర. అచ్చం ఆ రిపోర్టులో ఉన్నంత.

ఇక్కడ ఆగి చూడాలి. డ్యుటీరియం ల్యాంప్ పని మొత్తం పొగలోంచి ఉప్పు వంతు తీసేయడం. 1.3 బ్యాక్‌గ్రౌండులో అది నూటికి నాలుగు వంతులు తప్పు చేసినా 0.052 మిగిలిపోతుంది. ఆ మిగులే మనకి 17 పీపీబీ సెలీనియంగా కనపడుతుంది. నీళ్లలో సెలీనియం చుక్క లేకపోయినా సరే.

నిజమా కాదా తేల్చడానికి తేలికైన దారి నీళ్లు కలిపి చూడటం. సగానికి సగం పలుచన చేశాను. నిజమైన సెలీనియమైతే 18 కాస్తా 9 కావాలి. 3 వచ్చింది. రెండు పెట్టి గుణిస్తే 6. అదే సీసా, అదే చెయ్యి, ఒకసారి 18, ఒకసారి 6. ఉన్న పదార్థం అలా మారదు. ఆ తర్వాత పల్లాడియం, మెగ్నీషియం నైట్రేట్ కలిపిన మాడిఫయర్ వేసి, యాషింగ్ 1000 డిగ్రీలకి పెంచాను. పల్లాడియం సెలీనియాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి అంత వేడిలోనూ అది ఎగిరిపోదు, ఉప్పులో ఎక్కువ భాగం ముందే వెళ్లిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ 0.15కి పడిపోయింది. సెలీనియం 2 పీపీబీకి అటూ ఇటూగా. ఫర్నేస్‌లో ఆ స్థాయి అంకెకి నేను సంతకం పెట్టను గానీ, 19 మాత్రం కాదని తేలింది.

రామాలయం బోరు: ఎవరూ అడగని సున్న

ఈ సీసాని బాగా కలిపి, మడ్డితో సహా ఆసిడ్‌లో కరిగించాం. మొత్తం ఇనుము లీటరుకి 38 మిల్లీగ్రాములు వచ్చింది. పైపు తుప్పు కూడా అందులో చేరి ఉంటుంది. పల్లాడియం మాడిఫయర్‌తోనే, సిగ్నల్ పెరగాలని మూడు చుక్కలు ఒకదాని మీద ఒకటి ఆరబెట్టి నడిపాం.

పీక్ రాలేదు. గీత కిందకి వెళ్లింది. సున్న కంటే కిందకి, స్పష్టంగా ఒక గుంటలా.

కొత్తగా చేరిన మా ల్యాబ్ అమ్మాయి, "మేడం, నెగెటివ్ అంటే లేనట్టేగా?" అంది. సాఫ్ట్‌వేర్ కూడా అలాగే అనుకుంటుంది. రిపోర్టు పేజీలో 0.0 అని అచ్చు వేస్తుంది. గ్రాఫు తెరిచి చూసినవాళ్లకే గుంట కనపడుతుంది.

ఏం జరుగుతోందంటే, 196.0 దగ్గరలో ఇనుముకి కూడా సన్నటి గీతలున్నాయి. అవి సెలీనియం గీత మీద పడవు, పక్కన పడతాయి. సెలీనియం ల్యాంప్ వెలుతురు సన్నగా ఉంటుంది కాబట్టి దానికి ఇనుము తగలదు. డ్యుటీరియం ల్యాంప్ మాత్రం ఆ చుట్టుపక్కలంతా ఒకేసారి చూస్తుంది. పక్కనున్న ఇనుము పీల్చిన వెలుతురుని కూడా బ్యాక్‌గ్రౌండు కింద లెక్కేసి, ఉన్న సెలీనియం సిగ్నల్‌లోంచి తీసేస్తుంది. ఉప్పు దగ్గర తక్కువ తీసి తప్పు చేసిన ల్యాంప్ ఇనుము దగ్గర ఎక్కువ తీసి తప్పు చేస్తుంది. జీమన్ కరెక్షన్ (అయస్కాంతంతో చేసే ఇంకో రకం బ్యాక్‌గ్రౌండ్ కరెక్షన్) ఉన్న ఫర్నేస్ అయితే సెలీనియం గీత దగ్గరే కొలుస్తుంది కాబట్టి ఈ ఇబ్బంది ఉండదు. మా దగ్గర అది లేదు.

ఊహతో వదలకూడదు కదా. అదే నీటిలో తెలిసిన సెలీనియం 10 పీపీబీ పడేలా స్పైక్ కలిపి మళ్లీ పెట్టాం. 2 చూపించింది. పదికి రెండు. అంటే ఆ బోరులో సరిగ్గా పరిమితి మేరకి సెలీనియం ఉన్నా, ఈ పద్ధతి 'బీడీఎల్' అనే రాసి ఉండేది.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. 19 వచ్చిన కాగితాన్ని పట్టుకుని ఊరు నాలుగు చోట్లకి తిరిగింది, మా దాకా వచ్చింది. బీడీఎల్ వచ్చిన కాగితాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. ఎందుకు ప్రశ్నిస్తారు, అది మనకి కావలసిన మాట. రిపోర్టు మీద సంతకం పెట్టే మనిషే ఆ ప్రశ్న వేసుకోవాలి, ఇంకెవరూ వేయరు. బీడీఎల్ అని రాసిన ప్రతిచోటా, ఉంటే మాత్రం నాకు కనపడేదా అని చూపించి రాయాలి. స్పైక్ రికవరీ, అంటే కలిపినదాంట్లో నూటికి ఎంత తిరిగి కనపడిందన్న లెక్క, లేని బీడీఎల్ ఖాళీ గడి కిందే లెక్క.

మళ్లీ ఊరికి

తెచ్చిన సీసాలతో ఇక ముందుకి పోకూడదని నిర్ణయించుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఊరికి వెళ్లాం. రామాలయం బోరు ఇరవై నిమిషాలు నడిపించాం. మొదట ఎర్రగా పడ్డ నీళ్లు తేటపడ్డాయి. గ్లాసులో పడితే కాలువ నీళ్ల కంటే శుభ్రంగా ఉన్నాయి. ఆపరేటర్ గారు నవ్వి, "కాసేపు ఆగండి మేడం గారూ" అన్నారు. గ్లాసుని అరుగు మీద పెట్టి చెరువు చూసి వచ్చేసరికి, అరగంట కూడా కాలేదు, గ్లాసులో టీ రంగు తిరిగింది. అడుగున సన్నటి నలుసులు దిగుతున్నాయి. "ఇంట్లో గిన్నెలన్నీ ఇంతేనండి, తోమితోమి ఆడాళ్లకి చేతులు పోతున్నాయి."

ఆ గ్లాసులో జరిగిందే సీసాలోనూ జరుగుతుంది. భూమిలోపల కరిగి ఉన్న ఇనుము గాలి తగలగానే తుప్పై కిందకి దిగుతుంది. దిగుతూ సెలినైట్ రూపంలో ఉన్న సెలీనియాన్ని కూడా గట్టిగా అంటించుకుని తీసుకుపోతుంది. ఆసిడ్ వేయకుండా సీసా తెచ్చి, పైన తేరిన నీళ్లు మాత్రం వంచి పరీక్ష చేస్తే, సెలీనియం అడుగు మడ్డిలో ఉండిపోతుంది. అందుకే బోరు దగ్గరే నైట్రిక్ ఆసిడ్ వేసి పీహెచ్ 2 కిందకి దించాం. 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టినది ఒకటి, వడకట్టనిది ఒకటి. స్కూలు బోరు నుంచీ, మంచినీళ్ల చెరువు నుంచీ కూడా అలాగే. నైట్రిక్ చుక్కలు లెక్కపెట్టి వేశాం. ఎక్కువైతే తర్వాత హైడ్రోక్లోరిక్‌తో వేడి చేసినప్పుడు క్లోరిన్, నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టి హైడ్రైడ్‌ని చెడగొడతాయి.

హైడ్రైడ్, కరెంటు, సెలినేట్

హైడ్రైడ్ పద్ధతి అందం ఏమిటంటే సెలీనియాన్ని ఉప్పులోంచి, ఇనుములోంచి బయటికి లాగేయడం. ఆసిడ్ నీటికి సోడియం బోరోహైడ్రైడ్ కలిస్తే సెలీనియం హైడ్రోజన్ సెలినైడ్ అనే వాయువుగా లేస్తుంది. ఆర్గాన్ దాన్ని క్వార్ట్జ్ గొట్టంలోకి తోసుకుపోతుంది. గొట్టం సుమారు 900 డిగ్రీల దగ్గర కాలుతూ ఉంటుంది, వాయువు అక్కడ విడిపోయి సెలీనియం పరమాణువులవుతుంది. ఉప్పు, ఇనుము ద్రవంలోనే మిగిలిపోతాయి. ఆ వాయువు చాలా విషం కాబట్టి పైన ఎగ్జాస్ట్ ఆడకుండా మేం మొదలుపెట్టం.

కానీ ఒక షరతు ఉంది. నీటిలో సెలీనియం ముఖ్యంగా రెండు రూపాల్లో ఉంటుంది: సెలినైట్, సెలినేట్. హైడ్రైడ్ ఇచ్చేది సెలినైట్ ఒక్కటే. సెలినేట్ బోరోహైడ్రైడ్‌కి లొంగదు, చడీచప్పుడు లేకుండా డ్రెయిన్‌లోకి పోతుంది. గాలి తగిలే నీళ్లలో, చెరువుల్లో, కాలువల్లో సాధారణంగా ఉండేది సెలినేటే. అందుకని ముందు సెలినేట్‌ని సెలినైట్‌గా మార్చాలి. నీళ్లు, గాఢ హైడ్రోక్లోరిక్ సమానంగా కలిపితే ఆసిడ్ బలం దాదాపు 6 మోలార్‌కి వస్తుంది. దాన్ని 95 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేస్తాం, మూత తెరిచి. ఈ మార్పులో క్లోరిన్ పుడుతుంది, అది బయటికి పోవాలి. మూత బిగిస్తే ఆ క్లోరినే సెలినైట్‌ని మళ్లీ సెలినేట్ చేసేస్తుంది. దుమ్ము పడుతుందని ట్యూబులకి మూతలు పెట్టేవాళ్లని నేను ఎన్నిసార్లు ఆపానో.

ఆర్సెనిక్ చేసే చేతులకి ఇంకో ప్రమాదం ఉంది. ఆర్సెనిక్‌కి పొటాషియం అయొడైడ్ వేస్తారు. సెలీనియానికి అదే వేస్తే అది మూలకంగా విడిపోయి హైడ్రైడే రాదు. ట్యూబింగ్‌లో మిగిలిన అయొడైడ్ కూడా సిగ్నల్‌ని దించుతుంది. మా దగ్గర సెలీనియానికి ట్యూబింగ్ సెట్టు వేరే ఉంది, దాని మీద ఆకుపచ్చ టేపు.

ఆ మధ్యాహ్నం మొదటి బ్యాచ్ పన్నెండు ట్యూబులు హీటింగ్ బ్లాకులో పెట్టాం. స్టాండర్డ్లు ముందే, పొద్దున్నే వేడి చేసి సిద్ధం చేసుకున్నవి. ఈ బ్యాచ్‌లో శాంపిళ్లతో పాటు రెండు రకాల స్పైక్‌లు పెట్టించాను: ఒకదాంట్లో సెలినైట్ 5 పీపీబీ, ఒకదాంట్లో సెలినేట్ 5 పీపీబీ. సెలినైట్, సెలినేట్ పేర్లు ఎంత దగ్గరో సీసాలు కూడా అంత దగ్గరగా ఉంటాయి, అందుకే మూతల మీద రంగులు వేరుగా వేసుకున్నాం.

సాయంత్రం రీడింగులు వచ్చాయి. సెలినైట్ స్పైక్ రికవరీ నూటికి 98. చూడముచ్చటైన అంకె. చెరువు నీళ్లు: ఏమీ లేదు. రామాలయం బోరు: ఏమీ లేదు. సెలినేట్ స్పైక్: నూటికి 38.

ల్యాబ్ అమ్మాయి ముఖం మాడిపోయింది. నోటుబుక్కు తెప్పించాను. వేడి చేసిన సమయం 30 నిమిషాలు అని రాసి ఉంది. నిజమే, ట్యూబులు బ్లాకులో అరగంట ఉన్నాయి. అయితే మూడు గంటల ప్రాంతంలో కరెంటు పోయింది. మా జనరేటర్ మీద మిషను, ఏసీ ఉన్నాయి గానీ హీటింగ్ బ్లాకు లేదు. ట్యూబులు చల్లబడుతూ కూర్చున్నాయి, గడియారం మాత్రం నడిచింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ వైరింగ్ చేయించింది నేను, సమయం రాసి టెంపరేచర్ రాయని ఫారం తయారుచేసింది కూడా నేనే.

ఆ రోజు సెలినైట్ స్పైక్ ఒక్కటే పెట్టి ఉంటే 98 చూసి నేను సంతకం పెట్టేసేదాన్ని. చెరువు నీళ్లలో సెలీనియం లేదని రాసేదాన్ని, అదీ పూర్తి క్వాలిటీ కంట్రోల్‌తో. చాలా ల్యాబుల్లో స్పైక్ అంటే అల్మరాలో ఉన్న సెలీనియం స్టాండర్డ్ ఏదైతే అది. అది సెలినైట్ అయితే మనం పరీక్షిస్తున్నది తేలికైన సగాన్నే. కష్టమైన సగం, సెలినేట్‌ని మార్చడం, పరీక్షకే రాదు. నీటి శాంపిల్‌లో స్పైక్ సెలినేట్‌తోనే పెట్టండి, అదీ వేడి చేయకముందే. ఈ వృత్తిలో ఉన్న ప్రతివాళ్లకీ నేను చేతులు పట్టుకుని చెప్పే మాట ఇది.

రాత్రి బ్లాకుని జనరేటర్ లైనుకి మార్పించి, ఒక ట్యూబులో థర్మామీటర్ ఉంచి, స్టాండర్డ్లతో సహా మొత్తం మళ్లీ చేశాం. 95 చేరాకే గడియారం మొదలుపెట్టాం. చల్లారగానే వరసగా కొలిచాం. సెలినేట్ రికవరీ స్కూలు బోరులో 95, రామాలయం బోరులో 92, చెరువులో 97.

తక్కువలో తక్కువ ఎంత చూడగలమో కూడా ఆ వారమే మళ్లీ లెక్క కట్టాం. 0.5 పీపీబీ ఉన్న ఏడు ట్యూబులు మొదటి నుంచి చివరిదాకా విడివిడిగా చేస్తే వాటి మధ్య తేడా, స్టాండర్డ్ డీవియేషన్, 0.05. ఏడు రీడింగులకి స్టూడెంట్ టీ అనే గణాంక పట్టికలో ఉన్న 3.143తో గుణిస్తే 0.16. రిపోర్టులో 0.2గా రాస్తాం. పరిమితి 10 ఉన్నచోట 0.2 దాకా చూడగలగడం చాలు.

వచ్చినవి, చెప్పినవి

స్కూలు బోరు 1.3 పీపీబీ. రామాలయం బోరు 0.2 కంటే తక్కువ, ఫిల్టరు చేసినదాంట్లోనూ చేయనిదాంట్లోనూ. మంచినీళ్ల చెరువు 0.5. చెరువు నీళ్లని వేడి చేయకుండా నేరుగా పెట్టి చూస్తే ఏమీ కనపడలేదు, అంటే ఆ 0.5 దాదాపు అంతా సెలినేటే. రామాలయం బోరులో లేకపోవడానికీ అర్థం ఉంది. ఇనుము కరిగి ఉండాలంటే అక్కడ ఆక్సిజన్ ఉండకూడదు. ఆక్సిజన్ లేనిచోట సెలినేట్ నిలవడం కష్టం, సెలీనియం మట్టిలోనే ఘనంగా మిగిలిపోతుంది. మొదటి ల్యాబ్ ఆ బోరుకి రాసిన జవాబు చివరికి సరైనదే అయింది. కానీ సెలీనియం ఉన్నా లేకపోయినా అక్కడ ఆ జవాబు అలాగే వచ్చేది.

ఆపరేటర్ గారితో పాటు సర్పంచ్ గారు కూడా వచ్చారు. సెలీనియం విషయంలో రెండు బోర్లూ పరిమితికి చాలా కిందే ఉన్నాయని ముందు చెప్పాను. ఇద్దరి ముఖాలూ తేలికపడ్డాయి. వెంటనే మిగతాది కూడా చెప్పాల్సి వచ్చింది. స్కూలు బోరులో కరిగిన లవణాలు లీటరుకి 4,300 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకనప్పుడు ప్రమాణం ఒప్పుకునేది 2,000 దాకానే. రామాలయం బోరు ఇనుముని అలాగే ఆర్వో ప్లాంటుకి పంపితే మెంబ్రేన్లు వారాల్లో మూసుకుపోతాయి. ముందు గాలి పట్టించి, తుప్పు దిగనిచ్చి, ఇసుక ఫిల్టరులోంచి పంపాలి. ఆ ఏర్పాటు పది రోజుల్లో అయ్యేది కాదు.

సర్పంచ్ గారు, "మరి విషం లేదన్నారుగా, ఉన్నన్నాళ్లు ఉప్పు నీళ్లే కలిపి ఇద్దామా?" అని అడిగారు. వద్దన్నాను. సెలీనియం లేదంటే సెలీనియం లేదనే అర్థం, మంచినీళ్లని కాదు. ఆ వేసవికి ట్యాంకర్లతోనే నెట్టుకొచ్చారు. జూన్‌లో కాలువ వదిలాక చెరువు నిండింది. రామాలయం బోరు దగ్గర గాలి పట్టించే తొట్టి, ఇసుక ఫిల్టరు ఈ మార్చిలో కట్టారు. మొదటి నీళ్లు మాకే పంపారు. ఇనుము బాగా తగ్గింది. సెలీనియం ఇప్పుడూ 0.2 కిందే, సెలినేట్ స్పైక్ రికవరీ 94. ఈసారి సీసాలో ఆసిడ్ ముందే వేసి పంపించాం. మూత మీద ఆపరేటర్ గారి చేతిరాత ఉంది: "ఇరవై నిమిషాలు నడిపి పట్టినది."